సిగరెట్టు మానెయ్యమనే ముందు ఒక ప్రశ్న అడగండి

స్కిజోఫ్రీనియాకు చికిత్స చేసే మనోవైద్యులకు, మానసిక చికిత్సాలయాలను నడిపే పెద్దలకు, ఈ జబ్బు మీద పరిశోధనలు చేసేవారికి,

నమస్కారం.

నేను వైద్యురాలిని కాను. 19 ఏళ్లుగా స్కిజోఫ్రీనియాతో బతుకుతున్న ఒక మనిషికి చెల్లెలిని. అన్నయ్యతో పాటు మీ గదుల ముందు బెంచీల మీద కూర్చున్న గంటలన్నీ కూడితే కొన్ని నెలలు అవుతాయి. మీరు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. నిద్ర పడుతోందా? గొంతులు వినిపిస్తున్నాయా? ఎవరైనా హాని చేస్తారని భయపడుతున్నాడా? మందులు వేసుకుంటున్నాడా? చివరికి ఫైలు మూస్తూ, తల ఎత్తకుండానే, "సిగరెట్లు మానెయ్యాలి బాబూ" అంటారు. అన్నయ్య తల ఊపుతాడు. బయటికి రాగానే జేబులో చెయ్యి పెడతాడు.

ఫైలు మూసేటప్పుడు మీరనే ఆ మాట గురించే ఈ లేఖ. మానమనడం తప్పని నేను అనడం లేదు. ఆ సిగరెట్టు మనుషుల మధ్య అన్నయ్యకు ఏం చేసిపెడుతోందో ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అదే నా బాధ.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. మా అమ్మాయి, దాని స్నేహితురాలు మెట్ల మీద కూర్చుని ఏదో చెప్పుకుని పకపకా నవ్వుతున్నారు. అన్నయ్య గది కిటికీలోంచి చూశాడు. దవడ బిగుసుకుంది. చెంప కింద కండరం రెండుసార్లు కదిలింది. కోపం వచ్చిందని నాకు అర్థమైంది. దాని వెనక ఏం వస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు: తలుపు దబాలున మూసుకోవడం, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఆ రోజు మాత్రం అన్నయ్య నేరుగా పెరట్లోకి వెళ్లాడు. పది నిమిషాల తర్వాత వచ్చి, ఒంటి నిండా పొగ వాసనతో, నా పక్కన నిలబడి మెల్లగా అడిగాడు.

"పాప నన్ను చూసి నవ్విందా?"

"లేదన్నయ్యా. వాళ్ల టీచరు తుమ్మితే కళ్లజోడు ఊడి బల్ల మీద పడిందట. అదీ సంగతి."

కాసేపు ఆలోచించాడు. "సరే అయితే" అన్నాడు. ఇంకాసేపటికి ఆ కళ్లజోడు సంగతి తలచుకుని తనూ నవ్వాడు.

పాప నన్ను చూసి నవ్విందా? వినడానికి చిన్న ప్రశ్న. మాకు మాత్రం అది ఏడాదికి ఒకటి రెండుసార్లు వినబడే మాట. అన్నయ్య సాధారణంగా అడగడు, తేల్చేసుకుంటాడు. నవ్వితే తనను చూసే నవ్వారు, గుసగుసలాడితే తన గురించే, ఊరికే చూసినా గుర్రుగా చూశారు. అనుమానం పుట్టడానికీ అది నిజమని స్థిరపడటానికీ నడుమ ఆగి ఒక మనిషిని అడిగే వ్యవధి తనకు దొరకదు. ఆ సాయంత్రం దొరికింది. దాన్ని ఇచ్చింది సిగరెట్టేనా? అలా మొదలైంది నా చదువు. దొరికిందల్లా చదివాను, అర్థం కానివి తెలిసినవారిని అడిగాను. మీకు తెలియనిది నేను కొత్తగా చెప్పబోవడం లేదు. తెలిసినదాన్ని మీ గదిలోకి తీసుకురమ్మని అడుగుతున్నాను.

ఎదుటివారి ముఖం చూసి మనసు పోల్చుకోవడం, మాటలో దాగిన మరో అర్థాన్ని పట్టుకోవడం, జరిగినదానికి కారణం మనిషా పరిస్థితా అని తూచుకోవడం. వీటన్నిటినీ కలిపి మీరు సోషల్ కాగ్నిషన్ అంటారు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ చేపట్టిన మాట్రిక్స్ కార్యక్రమంలో, స్కిజోఫ్రీనియాలో దెబ్బతినే ఆలోచనా శక్తులను ఏడు విభాగాలుగా గుర్తించి, వాటిలో దీన్ని ఒకటిగా చేర్చారు. భయం, విచారం వంటి భావాలను ముఖాల్లో గుర్తుపట్టడం ఈ జబ్బు ఉన్నవారికి సంతోషాన్ని గుర్తుపట్టడం కన్నా కష్టమని, ఏ భావమూ లేని ముఖంలో కూడా కొందరికి కోపమో బెదిరింపో కనిపిస్తుందని ఎన్నో అధ్యయనాలు చూపాయి. ఎన్నో పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, రోజువారీ బతుకు ఎలా సాగుతుందన్నదానితో జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల కన్నా ఈ శక్తికే దగ్గరి సంబంధం కనిపించింది. ఉద్యోగం నిలుస్తుందా, స్నేహితుడు మిగులుతాడా, చెల్లెలి ఇంట్లో అందరితో కలిసి కూర్చోగలడా అన్నవి చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటాయి. మీరిచ్చే మందులు గొంతులను తగ్గిస్తాయి, అందుకు మేం జన్మంతా రుణపడి ఉంటాం. ముఖాలు చదివే ఈ శక్తిని మాత్రం అవి పెద్దగా తిరిగి తెచ్చిపెట్టవు.

ఇక నికోటిన్ దగ్గరికి వస్తాను. పీల్చిన పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. అక్కడ అసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకోవడానికి నరకణాల మీద ఉన్న గ్రాహకాల మీద వాలుతుంది. వాటిలో ఆల్ఫా-7 అనే రకానికీ స్కిజోఫ్రీనియాకూ ఉన్న సంబంధం గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డెన్వర్‌లో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఫ్రీడ్‌మన్, లారెన్స్ ఆడ్లర్ బృందం చేసిన ప్రయోగాలు అవి. అర సెకను తేడాతో రెండు టిక్ శబ్దాలు వినిపిస్తారు. మామూలుగా మొదటిదానికి స్పందించిన మెదడు రెండోదాన్ని తెలిసిందేలే అని తగ్గించేస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో రెండోదానికీ దాదాపు అంతే స్పందన వస్తుంది. వారి రక్త సంబంధీకుల్లో కూడా చాలామందికి, జబ్బు లేకపోయినా, ఇదే తీరు. సిగరెట్టు కాల్చాక రోగుల్లో ఆ వడపోత కొద్ది నిమిషాల పాటు మామూలుగా పనిచేసిందని 1993లో వారు ప్రకటించారు. ఈ లోపానికీ ఆల్ఫా-7 జన్యువు ఉన్న 15వ క్రోమోజోమ్ భాగానికీ లంకె ఉందని 1997లో చూపించారు.

తలుపు లేని ఇంట్లో కూర్చుని మాట్లాడటం ఎలా ఉంటుందో ఊహించండి. ఫ్యాను చప్పుడు, వీధిలో హారన్, పక్కగదిలో గిన్నె పడిన శబ్దం, ఎదుటి మనిషి మాట, అన్నీ ఒకే బలంతో వచ్చి పడుతుంటే ఆ మనిషి కనుబొమ్మ ఎందుకు ముడిపడిందో ఎప్పుడు గమనిస్తారు? అన్నయ్య ఒకసారి నాతో అన్నాడు: "అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఎవరూ మాట్లాడకపోయినా." సిగరెట్టు తర్వాత ఎలా ఉంటుందని అడిగితే, "ఒకరే మాట్లాడుతున్నట్టు" అన్నాడు.

ఆ మాటకు నేను కరిగిపోయాను. కొన్నాళ్లు నేనే తనకు సిగరెట్లు కొని తెచ్చాను. అది తప్పు. ఎందుకు తప్పో కూడా చెప్పాలి.

ప్రయోగశాలల్లో తేలినదాన్ని ఉన్నదున్నట్టు చూస్తే, నికోటిన్ ఏకాగ్రతను పెంచుతుంది. స్పందించే వేగాన్ని పెంచుతుంది. ఈ జబ్బుకు ఇచ్చే హాలోపెరిడాల్ అనే మందు వల్ల వచ్చే మందకొడితనాన్ని, చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ కొంత తగ్గించిందని 1990లలోనే గమనించారు. స్కిజోఫ్రీనియా ఉన్న పొగరాయుళ్లకు సిగరెట్టు ఆపితే చూసినదాన్ని గుర్తుంచుకునే శక్తి తగ్గిందని, తిరిగి కాలిస్తే కోలుకుందని కూడా చూశారు. ముఖాల్లో భావాలు పట్టుకోవడం, ఎదుటివారి మనసు ఊహించడం దగ్గరికి వచ్చేసరికి ప్రయోగాలు కొద్దిగానే ఉన్నాయి. ఉన్నవి కూడా చిన్నవి, నికోటిన్ ఆ శక్తిని నిలకడగా పెంచుతుందని వాటిలో రుజువు కాలేదు. ఆల్ఫా-7 గ్రాహకాన్ని నేరుగా తట్టిలేపే మందు ఎన్‌సెనిక్లిన్ మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 2016లో పెద్ద పరీక్షల్లో అది నిలబడలేదు.

అందుకే ఆ సాయంత్రాన్ని మళ్లీ మళ్లీ తలచుకున్నాను. పాప నవ్వుకు అర్థం ఏమిటో సిగరెట్టు అన్నయ్యకు చెప్పలేదు. చెప్పి ఉంటే నన్ను అడిగేవాడే కాదు. గదిలోంచి లేచి పెరట్లోకి నడవడం, పది నిమిషాలు ఒంటరిగా నిలబడటం, లోతుగా ఊపిరి పీల్చి వదలడం, చప్పుళ్లు కాస్త సద్దుమణగడం. ఇవన్నీ కలిసి ఒక ప్రశ్నకు చోటు చేశాయి. వీటిలో నికోటిన్ వంతు ఎంతో నాకు తెలియదు. మీరైనా తెలుసుకునే ప్రయత్నం చెయ్యలేదు.

ఇంకో మెలిక ఉంది. రక్తంలో చేరిన నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. ఆ తర్వాత చిరాకు, ఆందోళన, ఏదీ పట్టకపోవడం. చాలా కాలం కాల్చినవారి మెదడు నికోటిన్ ఉన్న స్థితినే మామూలు అనుకుంటుంది, గ్రాహకాల సంఖ్య కూడా పెరుగుతుంది. అంటే కిటికీ దగ్గర అన్నయ్య దవడ బిగుసుకున్నప్పుడు, అందులో జబ్బు ఎంత, మూడు గంటలుగా సిగరెట్టు లేకపోవడం ఎంత? నేను నలభై రోజులు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాను: సిగరెట్టు వేళలు ఒక పక్క, గొడవలు ఒక పక్క. ఎక్కువ గొడవలు పొద్దున్న లేచిన అరగంటలోనూ, పొగకు వీల్లేని సుదీర్ఘ ప్రయాణాల్లోనూ వచ్చాయి. తను చేసిన గాయానికి తనే మందు రాసే చెయ్యి అది. కొంత ఉపశమనం నిజమైనదే కావచ్చు, కొంత కేవలం అప్పు తీర్చడమే. ఏది ఎంతో తేలాలంటే పొగ అలవాటు లేని రోగుల్లోనూ నికోటిన్ ఏం చేస్తుందో చూడాలి, కాల్చేవారిని పొగ ఆకలితో ఉన్నప్పుడూ అది తీరినప్పుడూ విడివిడిగా కొలవాలి. పరిశోధకులారా, ఏకాగ్రత పరీక్షలతో ఆపకండి. ముఖాల బొమ్మలు, చిన్న చిన్న కథలు, రెండర్థాల మాటలు, వాటితో పాటు నిజంగా ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే సన్నివేశాలు కూడా పెట్టండి. మా ఇళ్లలో బంధాలు తెగేది అక్కడే.

పొగ కంపెనీల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. రోగి తన జబ్బుకు తనే సిగరెట్టుతో వైద్యం చేసుకుంటున్నాడన్న వాదాన్ని నేను మొదటిసారి చదివినప్పుడు ఎంతో దయగల మాటలా వినిపించింది. తర్వాత తెలిసింది, 2008లో అమెరికా పరిశోధకులు పొగాకు పరిశ్రమ లోపలి పత్రాలను తవ్వి చూస్తే, ఆ వాదాన్ని బలపరిచే పరిశోధనలకు ఆ పరిశ్రమే డబ్బు పెట్టిందని, మానసిక ఆసుపత్రుల్లో పొగ నిషేధాన్ని అడ్డుకునే ప్రయత్నాలకు అండగా నిలిచిందని, ఆసుపత్రులకు సిగరెట్లు కూడా అందించిందని. వాదంలో ఉన్న కొద్దిపాటి నిజాన్ని అది చెరిపెయ్యదు. కానీ "పాపం, వాడికి ఉన్న ఒక్క సుఖం అదేగా" అని మీలో ఎవరైనా అన్నప్పుడు, ఆ జాలి ఎవరికి లాభం తెచ్చిపెట్టిందో ఒక్కసారి ఆలోచించండి. 20 దేశాల్లో జరిగిన 42 అధ్యయనాలను కలిపి 2005లో చేసిన లెక్కలో స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో సగటున 62 శాతం మంది పొగ తాగుతున్నారు. ఒక్కో సిగరెట్టు నుంచి ఇతరుల కన్నా ఎక్కువ నికోటిన్ లాగుతారు కూడా. ఈ జబ్బు ఉన్నవారు అకాలంగా చనిపోయే అవకాశం ఇతరుల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చంపేవాటిలో గుండెజబ్బులు ముందుంటాయి. అన్నయ్య ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కితే మధ్యలో ఆగుతున్నాడు.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఆసుపత్రి పేరు రాయను. తప్పు ఒక్కరిదని నేను అనుకోవడం లేదు.

అన్నయ్యను ఒకసారి ఆరు వారాలు లోపల ఉంచారు. వార్డులో పొగ నిషేధం. మంచిదే. ఆ ఆరు వారాల్లో అన్నయ్య వేసుకునే క్లోజపిన్ అనే మందు మోతాదు సరిచేశారు, అన్నయ్య తేరుకున్నాడు, నాతో చదరంగం ఆడాడు. ఇంటికి పంపారు. గేటు దాటగానే సిగరెట్టు వెలిగించాడు. మూడో వారానికి గొంతులు తిరిగి వచ్చాయి. పరుగెత్తుకుంటూ వెళ్తే మమ్మల్ని అడిగిన మొదటి మాట: "మందులు సరిగ్గా వేస్తున్నారా?" రెండోసారి అడిగారు. మూడోసారి అడిగినప్పుడు మా అమ్మ ఏడ్చేసింది. మాత్రలు ఒక్కొక్కటీ తన చేత్తో నోట్లో వేసి, నీళ్లు తాగించి, నాలుక ఎత్తి చూపించమని చూసిన మనిషి ఆమె. అలా చెయ్యడం అన్నయ్యకు ఎంత అవమానమో తెలిసి కూడా చేసింది.

నాలుగు నెలల తర్వాత మరో వైద్యురాలు అడిగింది: "రోజుకు ఎన్ని కాలుస్తాడు? వార్డులో ఉన్నప్పుడు కాల్చాడా?" ఆ రెండు ప్రశ్నలతో చిక్కుముడి విడిపోయింది. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. అది క్లోజపిన్‌ను, అలాంటి మరో మందు ఒలాంజపిన్‌ను వేగంగా అరగదీస్తుంది. కాల్చేవాడికి అదే మోతాదులో రక్తంలో మందు తక్కువగా నిలుస్తుంది. కాల్చనప్పుడు కుదిరిన మోతాదు కాల్చడం మొదలుపెట్టాక చాలదు. తిరగేస్తే మరీ ప్రమాదం: కాల్చేవాడు ఉన్నట్టుండి ఆపితే వారం పది రోజుల్లో క్లోజపిన్ మట్టం 50 శాతం, ఒక్కోసారి అంతకు మించి పెరగవచ్చు. మగత, చొంగ, మూర్ఛలు కూడా రావచ్చు. ఇది చేసేది పొగ, నికోటిన్ కాదు. నికోటిన్ పట్టీ పొగ ఆకలిని తీరుస్తుంది గానీ మందు మట్టం పెరగకుండా ఆపదు. మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయమే ఇది. మా డిశ్చార్జి కాగితంలో మాత్రం దీని గురించి ఒక్క ముక్క లేదు.

అదే వార్డులో చాలా ఏళ్ల కిందట, నిషేధం రాకముందు, ఇంకోటి చూశాను. స్నానం చేస్తే ఒక సిగరెట్టు, మందు మింగితే ఒక సిగరెట్టు, గొడవ చేస్తే రేపటిది రద్దు. మంచి నడవడికకు బహుమతిగా సిగరెట్లు ఇవ్వడం ప్రపంచంలో చాలా మానసిక ఆసుపత్రుల్లో ఉండిన పద్ధతే. అన్నయ్య రోజుకు నాలుగు కాల్చేవాడల్లా అక్కడి నుంచి వచ్చేసరికి ఇరవైకి చేరాడు. ఇప్పుడు మానెయ్యమంటున్న వ్యవస్థే ఒకప్పుడు చేతికి అందించింది. కనీసం ఆ మాట ఒప్పుకుని మాట్లాడితే రోగులు మిమ్మల్ని ఎక్కువగా నమ్ముతారు.

నికోటిన్ పక్కన పెట్టి, సిగరెట్టు కాల్చే చోటు గురించి కూడా ఆలోచించమని అడుగుతున్నాను. మీ ఆసుపత్రి వెనక గోడ దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? అన్నయ్యకు మనుషులతో తడబాటు లేకుండా సాగే సంభాషణ అక్కడే జరుగుతుంది. "అగ్గిపెట్టె ఉందా?" "ఉంది." ఒకరు పుల్ల గీస్తారు, గాలికి ఆరకుండా ఇంకొకరు రెండు చేతులూ దొప్పలా అడ్డం పెడతారు. తర్వాత ఇద్దరూ ఒకే వైపు చూస్తూ నిలబడతారు. ఒకరి ముఖం ఒకరు చదవనక్కర్లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ముగించాలో సిగరెట్టే చెబుతుంది. మౌనంగా ఉంటే ఎవరూ తప్పు పట్టరు. ఎవరి మాటలు ఎవరివో ముందే రాసిపెట్టి ఉన్న చిన్న నాటకం అది, అందులో అన్నయ్యకు ఎప్పుడూ తప్పు దొర్లదు. సిగరెట్టు మానెయ్యమంటే నికోటిన్‌తో పాటు ఆ గోడనూ, ఆ అగ్గిపుల్లనూ, ఆ మనిషినీ వదులుకోమని అర్థం. దాని స్థానంలో మీరు ఏం ఇస్తున్నారు? పక్కపక్కన నిలబడి చేసే పని ఏదైనా, మొక్కలకు నీళ్లు పెట్టడమో, సామాను సర్దడమో, చదరంగమో, వార్డులో వేళ పెట్టి నడపలేరా? దీనికి మందుల కంపెనీ అక్కర్లేదు.

ఇదే సిగరెట్టు తనను మనుషుల్లోంచి లేపుకుని పోతుందన్నదీ నిజమే. పాప పాట పాడుతుంటే సగంలో లేచి పెరట్లోకి వెళ్లాడు. గంటకు ఒకసారి గది విడిచే మనిషికి ఎవరి కథా పూర్తిగా తెలియదు.

మానడం కుదరదని మాత్రం దయచేసి అనకండి. సిగరెట్టు మానడానికి ఇచ్చే వారెనిక్లిన్ అనే మందు మనసు చెదిరిన వారికి ప్రమాదమని ఏళ్ల తరబడి భయపెట్టారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో దాని మీద తీవ్ర హెచ్చరిక పెట్టించింది. ఆ మందు మీద జరిగిన, 8,000 మందికి పైగా పాల్గొన్న ఈగల్స్ అనే పరీక్షలో దాదాపు సగం మంది మానసిక అనారోగ్యం ఉన్నవారే. ఆ మందు వల్ల తీవ్రమైన మానసిక సమస్యలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని 2016లో తేలింది, అదే ఏడాది ఆ హెచ్చరిక తీసేశారు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బు ఉండి మొదటి పన్నెండు వారాల్లో మానగలిగినవారికి అదే మందును కౌన్సెలింగుతో పాటు కొనసాగిస్తే, ఏడాది చివర 60 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 19 శాతమే. 2014లో వచ్చిన ఫలితం ఇది. మానాక ఆందోళన, దిగులు తగ్గుతాయని, మానసిక జబ్బు ఉన్నవారిలోనూ ఆ మేలు తక్కువేమీ కాదని అదే ఏడాది మరో పెద్ద విశ్లేషణ చెప్పింది. ఇన్ని తెలిసి కూడా అన్నయ్యకు ఇన్నేళ్లలో దక్కింది "మానెయ్యాలి బాబూ" అన్న మాటే.

కాబట్టి నేను అడిగేది ఇది. ఫైలు మూసే ముందు కాదు, తెరిచినప్పుడే సిగరెట్ల గురించి అడగండి. ఎన్ని అని మాత్రమే కాదు, ఏ వేళలో, ఎవరి మధ్య ఉన్నప్పుడు, కాల్చాక మనుషులు ఎలా కనిపిస్తారు అని అడగండి. జవాబుకు తను వ్యవధి తీసుకుంటాడు, ఆగండి. ముఖాలు చదివే శక్తిని రక్తపోటు చూసినంత మామూలుగా అప్పుడప్పుడు పరీక్షించండి. అది తక్కువగా ఉంటే దానికే చికిత్స చెయ్యండి, ముఖాల్లో భావాలు గుర్తుపట్టడం నేర్పే శిక్షణలు ఉన్నాయి, మేలు చేస్తున్నాయి, వాటిని నగరంలో ఒక్క పెద్ద కేంద్రానికే పరిమితం చెయ్యకండి. వార్డులో పొగ ఆపితే మొదటి గంట నుంచే నికోటిన్ పట్టీ ఇవ్వండి, క్లోజపిన్ మట్టం చూడండి. ఇంటికి పంపేటప్పుడు, తిరిగి కాలిస్తే ఏమవుతుందో రోగికీ ఇంటివారికీ తెలిసే భాషలో రాసివ్వండి. మందు పనిచెయ్యనప్పుడు తల్లిని అనుమానించే ముందు పొగను అనుమానించండి.

ఈ లేఖ పంపే ముందు అన్నయ్యకు చదివి వినిపించాను. తన సంగతులు తన అనుమతి లేకుండా రాయడం న్యాయం కాదు. నిశ్శబ్దంగా విన్నాడు. కిటికీ దగ్గరి సంగతి వచ్చినప్పుడు ఆపమని చెయ్యి ఎత్తాడు.

"అప్పుడు నాకు కోపం రాలేదు. భయమేసింది. చిన్నపిల్ల కూడా నన్ను చూసి నవ్వే స్థితికి వచ్చానా అని."

19 ఏళ్లుగా ఆ దవడను చూస్తున్నాను. ప్రతిసారీ కోపమనే అనుకున్నాను. తలుపు మూసుకున్న ప్రతిసారీ కోపంతోనే మూసుకున్నాడని పాపను దూరంగా ఉండమన్నాను. ఆ వాక్యం మార్చమంటావా అని అడిగాను. వద్దు, అలాగే ఉంచు, డాక్టర్లకు తెలియాలి అన్నాడు.

వచ్చే నెల మళ్లీ మీలో ఒకరి ముందు కూర్చుంటాం. ఈసారి అన్నయ్య చొక్కా జేబులో సిగరెట్టు పెట్టెతో పాటు మడిచిన కాగితం ఒకటి ఉంటుంది. దాని మీద తన చేతిరాతతో ఒకే ప్రశ్న: "ఇది మానేస్తే నాకు మనుషులు ఇప్పటికన్నా తక్కువ అర్థమవుతారా?" తను దాన్ని బయటికి తీసేదాకా ఫైలు మూయకండి.

ఇట్లు,
ఒక చెల్లెలు